కన్ను ముందా, జాతి ముందా?

తుంగభద్ర గట్టు (కర్నూలు):
డిగ్రీ పిల్లలకు జీవపరిణామం చెప్తాను. విక్టోరియా సరస్సు చేపల దగ్గరికి వచ్చేసరికి స్టాఫ్ రూములో ప్రతిసారీ ఇదే వాదన: చేప కన్ను మారినందుకు కొత్త జాతి పుట్టిందా, జాతి వేరుపడ్డాక కన్ను మారిందా? నేను కన్నే ముందంటాను.

తూర్పు ఆఫ్రికాలోని ఆ సరస్సు సుమారు 15 వేల ఏళ్ల కిందట ఎండిపోయి మళ్లీ నిండింది. ఆ తర్వాత అందులో 500 దాకా సిక్లిడ్ చేపల జాతులు పుట్టాయి. మన చెరువుల్లోని తిలాపియా కూడా ఈ కుటుంబానిదే. ఆ సరస్సు సిక్లిడ్‌లలో పుండమీలియా అనే పేరుతో రెండు దగ్గరి జాతులున్నాయి. పైనీళ్లలో ఉండే జాతి మగచేప నీలం, కాస్త లోతులో ఉండే జాతి మగచేప ఎరుపు. నీళ్లలో కలిసిన మురికి నీలి వెలుగును పైనే మింగేస్తుంది, కిందికి దిగేది ఎక్కువగా ఎర్ర వెలుగే. కంటిలో వెలుగును పట్టే ఆప్సిన్ ప్రోటీన్ కూడా లోతు జాతిలో ఎరుపును బాగా పట్టేలా మారింది. ఆ కంటికి ఎర్ర మగచేప కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, ఆడచేప దాన్నే ఎంచుకుంటుంది. సీహౌసెన్ అనే జీవశాస్త్రవేత్త బృందం 2008లో నేచర్ పత్రికలో చూపించింది ఇదే.

హగరి ఒడ్డు (అనంతపురం):
సార్, ఆ కథలో ఒక ముడి ఉంది. 2017లో ఆ బృందంవాళ్లే డీఎన్ఏ చదివి చూస్తే, ఆ రెండు రకాల ఆప్సిన్ జన్యువులు సరస్సు కంటే ఎంతో పాతవని తేలింది. దాదాపు లక్షన్నర ఏళ్ల కిందట రెండు వేరు నదీ వంశాల చేపలు కలిసినప్పుడే రెండూ ఒక చోట చేరాయి. మరి సరస్సు కన్నును మార్చిందని ఎలా అంటాం?

పెన్నా వాలుగ (కడప):
నాది చేపల అంగడి. మీరిద్దరూ కన్నే పట్టుకున్నారు. వానలప్పుడు పెన్నలో ఎర్రనీళ్లు దిగితే చెయ్యి ముంచినా కనబడదు. వాలుగ మూతి దగ్గర రెండు పొడవు మీసాలు, దవడ కింద రెండు పొట్టివి ఉంటాయి. ఆ నీళ్లలో దానికి దారి చూపేది అవే. కన్ను పనికిరాని చోట జాతులు ఎట్లా విడిపోతాయన్నా?

తుంగభద్ర గట్టు:
కడప అన్నా, మంచి ప్రశ్న. ఆఫ్రికా నదుల్లో మోర్మిరిడ్ చేపలు తోకలోని అవయవంతో సన్నని కరెంటు వదులుతాయి. ఒక్కో జాతి పల్స్‌ది ఒక్కో తీరు. ఆ తేడాలను పసిగట్టే మెదడు భాగం పెరిగిన శాఖలో కొత్త జాతులు చాలా వేగంగా పుట్టాయని 2011లో చూపించారు. ఇంద్రియం ఏదైనా పద్ధతి ఒకటే.

హగరీ, జన్యువులు పాతవే, ఒప్పుకుంటాను. కానీ వాటిని లోతుకొకటిగా ఏరిపెట్టింది ఈ సరస్సు నీళ్లే. ల్యాబులో ఒకే రంగు వెలుగు కింద పెడితే ఆడచేపలు ఎరుపు, నీలం తేడా పట్టలేక ఎవరితోనైనా జతకడతాయి. సరస్సులోకి మురుగు, ఎరువు చేరి నీళ్లు మసకబారిన చోట రంగులూ జాతులూ కలిసిపోతున్నాయని 1997లోనే రాశారు. చూపు అడ్డుగోడ కాకపోతే, చూపు చెడగానే గోడ ఎందుకు కూలుతుంది?

హగరి ఒడ్డు:
గోడను నిలబెట్టింది చూపే అనుకుందాం. కట్టింది కూడా చూపేనని దాంతో రుజువు కాదు సార్. ఆ చేపలనే తమది కాని వెలుగులో పెంచితే ఎక్కువ చచ్చిపోతాయి. అంటే ముందు బతుకు కోసం కన్ను లోతుకు సర్దుకుంది, జత ఎంపిక తర్వాత వచ్చి ఉండొచ్చు. ఇంకోటి, మెక్సికో గుహల్లోని అస్టియానాక్స్ చేపకు కళ్లే పోయాయి. వాటి బదులు నీటి కదలికను పట్టే కణాలు, రుచి మొగ్గలు పెరిగాయి. ఇంద్రియాలు అంత తలకిందులైనా పైనదుల చేపతో కలిపితే ఇప్పటికీ పిల్లలు పుడతాయి. కొత్త జాతి ఎక్కడ?

తుంగభద్ర గట్టు:
గుహ చేప నా మాటకే సాయం వస్తుంది. ఇంద్రియం మారితే చాలదు, దానితో జతను ఎంచుకోవాలి. కటిక చీకటిలో రంగు చూసి ఎంచుకునేదేముంది? పుండమీలియాలో బతుకు, జత ఎంపిక రెండు పనులూ ఒకే కన్ను చేస్తుంది, అందుకే దాన్ని పట్టుకున్నాను. అదే సరస్సులోని మకోబే దీవి దగ్గర నీళ్లు తేట, రెండు జాతులూ స్పష్టంగా వేరు. లువాన్సో దీవి దగ్గర బాగా మురికి, అక్కడ రెండూ కలిసిపోయి ఉన్నాయి. బతుకు కోసమే కన్ను మారి, ఎంపికకు దానితో పని లేకపోతే ఈ తేడా ఎందుకొస్తుందో చెప్పు.

హగరి ఒడ్డు:
మురికి నీళ్లలో వెలుగు కొద్ది లోతులోనే మారిపోతుంది సార్. పైది, లోతుది అని విడివిడిగా స్థిరపడే చోటే దొరకదు. దానికి జత ఎంపిక అక్కర్లేదు. మీ మాట, నా మాటల్లో ఏది నిజమో తేల్చాలంటే తేట నీళ్లలోనే, ఇంకా రంగు తేడా రాని చేపల్లో ఆప్సిన్ ముందే చీలిందా అని చూడాలి.