సినిమా కథాసంగ్రహంలో హంతకుణ్ణి దాచడం ఎలా?

ప్రశ్న: థ్రిల్లర్ సినిమా కథ నాలుగు వాక్యాల్లో రాయాలి. హంతకురాలు ఒక స్త్రీ అని చివర్లో తేలుతుంది. "హంతకుడు" అని రాస్తే అబద్ధం, "హంతకురాలు" అని రాస్తే గుట్టు రట్టు. "గుర్తు తెలియని వ్యక్తి ఫోన్ చేస్తాడు" అన్నా క్రియ దగ్గర దొరికిపోతున్నాం. దారి ఏమిటి?

జవాబు: చిక్కు మీరు చెప్పిన చోటే ఉంది. తెలుగులో వాక్యం చివర వచ్చే సమాపక క్రియ కర్త ఎవరో చెప్పేస్తుంది. కాబట్టి పేరు దాస్తే చాలదు, క్రియను కూడా చూసుకోవాలి. పనికొచ్చే మార్గాలు నాలుగున్నాయి.

ఒకటి, "ఎవరో". దీని పక్కన క్రియ "-రు"తోనే ముగుస్తుంది: "అర్ధరాత్రి ఎవరో తలుపు కొడతారు". వచ్చింది ఒకరైనా పదిమందైనా, ఆడైనా మగైనా ఈ వాక్యం తప్పు కాదు. "ఎవడో" అన్నారంటే మాత్రం దారి మూసేసుకున్నట్టే.

రెండు, "చేసింది ఎవరు?" అనే నిర్మాణం. ఇక్కడి "-ది" స్త్రీని సూచించేది కాదు. జవాబు "చంపింది రాజారావు" అనీ రావచ్చు, "చంపింది సుశీల" అనీ రావచ్చు. "చంపినవాడెవడు?" అని రాసేవాళ్లు చేతిలో ఉన్న ఈ సౌకర్యాన్ని వదులుకుంటున్నారు.

మూడు, మనిషికి బదులు గొంతు, నీడ, ఆకారం, చెయ్యి లాంటి మాటను కర్తగా నిలపడం. "ఫోన్‌లో ఒక గొంతు బెదిరిస్తుంది." "వ్యక్తి" కన్నా ఇది ఎంతో నయం. పత్రికల్లో "ఒక వ్యక్తి" అంటే మగవాడనే అర్థం స్థిరపడింది, ఆడవారైతే "మహిళ" అని రాస్తారు. అందుకే "వ్యక్తి" అనగానే పాఠకుడి మనసులో మగవాడే మెదులుతాడు.

నాలుగు, బాధితుణ్ణే కర్తను చేయడం: "వరసగా నలుగురు హత్యకు గురవుతారు". "చంపబడతారు" అని రాయకండి, అది మనం మాట్లాడే తెలుగు కాదు.

ఒక్క ఉదాహరణ దగ్గరగా చూద్దాం. 1960లో వచ్చిన హిచ్‌కాక్ "సైకో"లో మారియన్ 40,000 డాలర్లతో పారిపోతూ దారిలో నార్మన్ అనే యువకుడు నడిపే ఒక మోటెల్‌లో దిగుతుంది. ఆ తర్వాతి వాక్యం "నార్మన్ తల్లి ఆమెను పొడిచి చంపుతుంది" అని రాస్తే కథ ప్రకారం తప్పు. "నార్మన్ చంపుతాడు" అంటే సినిమా అయిపోయినట్టే. "స్నానం చేస్తుండగా ఒక ఆకారం ఆమెను కత్తితో పొడుస్తుంది" అని రాయండి. "పొడుస్తుంది" అనే క్రియ "ఆకారా"నికి సరిపోతుంది. చదివేవారు ముసలి తల్లి అనుకున్నా అడ్డుపడదు. వాక్యంలో అబద్ధమూ లేదు.

మరో జవాబు: పైదానికి ఒక చేర్పు. "తన" అనే మాటకు లింగం లేదు. "చంపిన", "రాసిన", "దాచిన" వంటి విశేషణ రూపాలకూ లేదు. "ఎన్నో ఏళ్లుగా దాచిన ఉత్తరం బయటపడుతుంది" అంటే దాచినవారెవరో తెలియదు. దాచే పని వాక్యం మధ్యలో పెట్టి, బయటపడే పని చివర పెట్టడమే కిటుకు.

కాలం సంగతి కూడా. కథ నడిచేది "వస్తాడు, చూస్తుంది" రూపాల్లో. సినిమా మొదలవకముందు జరిగినది భూతకాలంలో: "పదేళ్ల కిందట తండ్రి చనిపోయాడు". "వెళ్తున్నాడు, చూస్తున్నాడు" అని రాస్తే క్రికెట్ వ్యాఖ్యానంలా ఉంటుంది.

ప్రశ్న: దయ్యాల సినిమాకూ ఇదేనా?

జవాబు: అక్కడ మన వ్యాకరణమే సాయం చేస్తుంది. ఏకవచనంలో స్త్రీకీ, జంతువుకీ, వస్తువుకీ ఒకటే క్రియ: ఆమె వస్తుంది, పిల్లి వస్తుంది, దయ్యం వస్తుంది. తెలంగాణలో "వస్తది" అన్నా సూత్రం అదే. కనుక "మేడ మీది గదిలో ఉన్నది రాత్రిళ్లు కిందికి దిగుతుంది" అంటే మనిషో దయ్యమో తేలదు. ఇంగ్లీషులో అయితే "షీ", "ఇట్" దగ్గరే తేలిపోతుంది.

బహువచనంలో మాత్రం జాగ్రత్త. అక్కడ స్త్రీలు పురుషులతో కలుస్తారు: ఆడవాళ్లు వస్తారు, దయ్యాలు వస్తాయి. "ఆ అక్కచెల్లెళ్లు ఇంట్లో తిరుగుతుంటారు" అని రాసినంతసేపూ వాళ్లు మనుషులే. "తిరుగుతుంటాయి" అన్న క్షణాన కారు. ఈ మార్పును కావాలనే వాడుకోవచ్చు. మొదటి వాక్యంలో "పైన ఎవరో నడుస్తున్నారు", మూడో వాక్యంలో "పైన ఏదో నడుస్తోంది". వేరే వర్ణన అక్కర్లేదు, ఒళ్లు జలదరిస్తుంది.

మరో జవాబు: కామెడీకి దీన్ని తిరగేయాలి. మారువేషం ఎవరిదో పాఠకుడికి ముందే తెలియాలి, లేకపోతే నవ్వు రాదు. "మాయాబజార్" (1957) కథ చెప్పేటప్పుడు "మాయా శశిరేఖ లక్ష్మణకుమారుణ్ణి భయపెడుతుంది" అన్నా తప్పు లేదు. కానీ "శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు భయపెడతాడు" అంటే ఆ "-తాడు" దగ్గరే నవ్వు పుడుతుంది. ఒకే వాక్యంలో రెండూ కలిపి "శశిరేఖ భయపెడతాడు" అని మాత్రం రాయకూడదు.

ప్రేమకథకు చెప్పాల్సింది తక్కువే. "ప్రేమిస్తాడు" అంటే ఒకవైపు, "ప్రేమించుకుంటారు" అంటే రెండువైపులా. ఒకవైపు ప్రేమ కథలో రెండోది వాడితే ముగింపు ముందే చెప్పినట్టు.

చివరి జవాబు: ప్రతి థ్రిల్లర్‌కీ "ఉత్కంఠభరితం" అని తగిలిస్తున్నారు కాబట్టి ఈ మాట. ఉత్కంఠ అంటే మెడ పైకెత్తడం, ఎదురుచూపు. మొదట అది శృంగారంలోని మాట. అష్టవిధ నాయికల్లో విరహోత్కంఠిత ఉంది కదా, ప్రియుడు రావడం ఆలస్యమై దారి చూసే నాయిక. హంతకుడి కోసం చూసినా, ప్రియుడి కోసం చూసినా మెడ ఎత్తడం ఒకటే. అందుకని ప్రేమకథకు ఈ మాట వాడితే తప్పని కొట్టేయకండి.