‘అన్నది’ పోయి ‘అన్నరు’ వచ్చింది

ప్రేమలేఖ చదివితే రాసింది ఆడా మగా అన్నది తెలుగులో తెలుస్తుందా అని ఈ గ్రూపులో ఒకరు అడిగారు. తెలియదు. "రేపొస్తున్న", "నిన్ను చూడక మూడు రోజులైంది", "ఎప్పుడొస్తవ్?" వీటిలో ఆడ, మగ గుర్తు ఎక్కడుంది? మా నల్లగొండలో పక్కింటి ఉర్దూ చెవిన పడుతూనే ఉంటుంది. అందులో "ఆతీ హూఁ" అనగానే దొరికిపోతారు. తెలుగులో నేను, నువ్వు అనుకున్నంతసేపు గుట్టు దాగుతుంది. చిక్కంతా మూడో మనిషికి చెప్పాల్సి వచ్చినప్పుడే.

ఆ చిక్కు నేను దగ్గర నుంచి చూశాను. నేను అమ్మాయిని, నేను ప్రేమించిందీ అమ్మాయినే. ఆమెది దేవరకొండ వైపు. డిగ్రీలో ఉన్నప్పుడు ఇంట్లో నా గురించి "నా సోపతి గిట్లన్నది, గట్లన్నది" అని కడుపునిండా చెప్పేది. ఇద్దరు ఆడపిల్లల సోపతిని ఎవరు అనుమానిస్తారు?

పీజీ రెండో ఏడు నేను మా ఇంట్లో చెప్పేశాను. నాన్న మొదట అడిగింది, "దీనికి కేసు గిట్ల అయితదా?" అని. ఇష్టపడ్డ ఇద్దరు పెద్దవాళ్ళ విషయంలో, స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన సెక్షన్ 377 చెల్లదన్న 2018 సెప్టెంబర్ 6 నాటి సుప్రీంకోర్టు తీర్పు వార్త ఫోన్లో తీసి చూపించాను. చదివి, కళ్ళద్దాలు తుడుచుకుని, "మరి మీ మేనత్తకు ఎట్ల చెప్పాలె" అన్నాడు. మేనత్తకు తెలిస్తే జిల్లాకు తెలిసినట్టే. తెలిసింది కూడా.

అక్కడి నుంచి ఇంట్లో నా పేరెత్తడమే నా దేవరకొండ అమ్మాయికి టెన్షన్. క్రియలు మారిపోయాయి. "రేపు రమ్మన్నరు." "పుస్తకం ఇచ్చిండ్రు." ఎవరు? కాలేజీ వాళ్ళు. గౌరవమా, గుంపా, ఆడా, మగా, అన్నిటినీ ఆ ఒక్క ‘రు’ కప్పేస్తుంది. చిన్నయసూరి బాలవ్యాకరణం చదివినవాళ్ళకు ఇది కొత్త కాదు: స్త్రీ ఏకవచనంలో అమహత్తుతో, అంటే పశువులు, వస్తువులతో నడుస్తుంది, బహువచనంలో మహత్తుతో, అంటే మగవాళ్ళతో కలుస్తుంది. ఆడమనిషికీ చెట్టూపుట్టకూ ఒకే క్రియా అని క్లాసులో నాకు మండేది. తీరా చూస్తే ఆమె తలదాచుకోవడానికి ఆ బహువచనమే దిక్కయింది. తప్పు పట్టలేను. కానీ ఒక్కదాన్ని పట్టుకుని ఊరుమందిని చేస్తే గుచ్చుకోదా?

పోయిన మార్చిలో ఒక రాత్రి ఫోన్లో ఉన్నాం. వాళ్ళమ్మ పక్కనే చింతపండు కొడుతోంది. రాయి మీద దెబ్బ నాకూ వినిపిస్తోంది. అమ్మ ఉంది కాబట్టి ఈమె నన్ను "మీరు, మీరు" అంటోంది.

"ఎవరే?"

"కాలేజీ వాళ్ళు."

దెబ్బ ఆగింది.

"తిన్నదా, అడుగు."

మళ్ళీ దెబ్బ మొదలైంది. మేమిద్దరం మాత్రం చాలాసేపు ఏం మాట్లాడలేదు.

ఒక సభ్యుడి జవాబు: ‘ది’ అమహత్తుకు కూడా వస్తుంది కదండీ. ఆవిడ పిల్లి గురించి అడిగి ఉండొచ్చు.

నా జవాబు: వాళ్ళింట్లో పిల్లి లేదు సార్. బర్రె ఉంది. అది తిన్నదో లేదో వాళ్ళమ్మ ఇంకొకర్ని అడగదు.