వైరస్ మెయిల్‌ని తిప్పి పంపాలా, పారేయాలా, పక్కన పెట్టాలా? (పోస్ట్‌ఫిక్స్ + క్లామ్‌ఏవీ)

కృష్ణాతీరం

అందరికీ నమస్కారం. గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఒక చిన్న కంపెనీకి మెయిల్ సర్వర్ చూసుకుంటున్నాను. నలభై మెయిల్‌బాక్సులు, డెబియన్ మీద పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ అందుకుని పంపే ప్రోగ్రామ్), వైరస్ పట్టడానికి అమావిస్ అనే ఫిల్టర్, దాని వెనక క్లామ్‌ఏవీ అనే యాంటీవైరస్. నాకంటే ముందు చూసుకున్నాయన పెట్టి వెళ్లిన సెటప్ ఇది. వైరస్ దొరికితే పంపినవాళ్లకి "మీ మెయిల్‌లో వైరస్ ఉంది, ఆపేశాం" అని ఒక మెయిల్ వెళ్తుంది. ఇప్పుడు అదే సమస్యయింది. ఎవరో సంబంధం లేనివాళ్లు "మేమసలు మీకు ఏమీ పంపలేదు, ఎందుకు విసిగిస్తున్నారు" అని కోపంగా రాస్తున్నారు, పైగా మా ఐపీ ఒక బ్లాక్‌లిస్టుకి ఎక్కింది, బయట పార్టీలకి పంపే మెయిల్స్ వెనక్కి వస్తున్నాయి, చాలా టెన్షన్‌గా ఉంది.

మా ఓనర్‌గారిది ఒకటే మాట: బిల్ ఆఫ్ లేడింగ్, ఫైటో సర్టిఫికెట్, ఎల్‌సీ కాగితాలు వచ్చే మెయిల్ ఒక్కటి కూడా చెప్పాపెట్టకుండా మాయం కాకూడదు. మరి వైరస్ దొరికితే ఏం చేయాలి? ఇంకో సంగతి, సర్వర్‌కి 2 జీబీ ర్యామే ఉంది, క్లామ్‌డీ (క్లామ్‌ఏవీలో స్కాన్ చేసే భాగం) అప్పుడప్పుడు దానంతటదే ఆగిపోతోంది.

విశాఖ_పోస్ట్‌మాస్టర్

ముందు ఆ నోటీసు మెయిల్ ఈరోజే ఆపేయండి, మిగతాది తర్వాత చూద్దాం. వైరస్ మెయిల్‌లో "ఫ్రమ్" దగ్గర ఉండే అడ్రస్ దాదాపు ఎప్పుడూ దొంగదే. 2002లో క్లెజ్ అనే వైరస్ విజృంభించినప్పటి నుంచీ ఇదే పద్ధతి: పట్టుబడ్డ కంప్యూటర్‌లో దొరికిన అడ్రసుల్లో ఒకటి తీసి పంపినవాడి చోట పెట్టేస్తుంది. 2003 ఆగస్టులో సోబిగ్-ఎఫ్, 2004 జనవరిలో మైడూమ్ విజృంభించినప్పుడు వైరస్ మెయిల్స్‌కి తోడు, యాంటీవైరస్‌లు పంపిన ఇలాంటి నోటీసులతో కూడా జనం ఇన్‌బాక్సులు నిండిపోయాయి. మీకు కోపంగా రాస్తున్నవాళ్లది న్యాయమే, వాళ్ల తప్పేమీ లేదు.

అసలు తేడా ఎక్కడుందంటే, అవతలి సర్వర్ మెయిల్ మొత్తం ఇచ్చాక మీ సర్వర్ "250 ఓకే" అంటుంది చూడండి, ఆ మాట అన్న క్షణం నుంచి ఆ మెయిల్ బాధ్యత మీది. మీ సెటప్‌లో పోస్ట్‌ఫిక్స్ ముందు ఓకే చెప్పేసి, క్యూలో పెట్టుకుని, ఆ తర్వాత 10024 పోర్టులో అమావిస్‌కి ఇస్తోంది, అది చూసి 10025లో తిరిగి ఇస్తోంది. అంటే వైరస్ దొరికేసరికే ఆలస్యమైపోయింది, అవతలివాడు లైన్ పెట్టేశాడు. అప్పుడిక మీకు మిగిలేది పారేయడం లేదా దాచిపెట్టడం.

అదే మిల్టర్‌గా (మెయిల్ వస్తుండగానే పోస్ట్‌ఫిక్స్ అడిగే ఫిల్టర్‌గా) పెడితే లైన్ తెరిచి ఉండగానే స్కాన్ అవుతుంది, ఓకే బదులు "550 వైరస్ ఉంది" అని ముఖం మీదే చెప్పొచ్చు. పంపేది వైరస్సే అయితే అక్కడితో సరి, ఎవరికీ ఏ మెయిలూ పోదు. పంపింది నిజంగా మీ పార్టీయే అయితే వాళ్ల సర్వర్ వాళ్లకే "మీ మెయిల్ చేరలేదు, కారణం ఇదీ" అని చెబుతుంది, వాళ్లు మీకు ఫోన్ చేస్తారు. మీ ఓనర్‌గారు అడిగేది సరిగ్గా ఇదే. ఇందులో ఏ మెయిలూ మాయం కాదు.

క్లామ్‌ఏవీతో వచ్చే మిల్టర్‌లో "ఆన్ ఇన్‌ఫెక్టెడ్" అనే సెట్టింగ్ ఉంటుంది, అది మామూలుగా క్వారంటైన్‌లో (అంటే పక్కన పెట్టడం) ఉంటుంది, దాన్ని రిజెక్ట్‌కి మార్చాలి. అంత వరకూ అమావిస్‌లో బౌన్స్ (తిప్పి పంపడం) తీసేసి డిస్కార్డ్ (పారేయడం) పెట్టి, క్వారంటైన్ ఫోల్డర్‌లో కాపీ ఉండేలా చూసుకోండి.

ఒక్క జాగ్రత్త. మీకు బ్యాకప్ ఎంఎక్స్ (అసలు సర్వర్ అందనప్పుడు మెయిల్ తీసుకునే రెండో సర్వర్) ఉంటే అక్కడ కూడా ఇదే స్కానింగ్ ఉండాలి. లేకపోతే అది అన్నిటికీ ఓకే చెప్పి తీసుకుంటుంది, అసలు సర్వర్ వద్దంటుంది, పాపం మళ్లీ ఆ దొంగ అడ్రస్‌కే బౌన్స్ వెళ్తుంది. నలభై మెయిల్‌బాక్సులకి బ్యాకప్ ఎంఎక్స్ అసలు అవసరం లేదని నా అభిప్రాయం, మీ సర్వర్ కాసేపు పడిపోయినా పంపేవాళ్ల సర్వర్లే మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తాయి.

లాగ్‌రీడర్

పైన అన్న చెప్పినదానికి నాదీ ఓటు. కానీ క్లామ్‌ఏవీ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. కొత్త వైరస్ పొద్దున్న వస్తే దాన్ని గుర్తుపట్టే సిగ్నేచర్ సాయంత్రానికి రావచ్చు, ఈలోపు అకౌంట్స్‌లో ఎవరో ఒకరు తెరిచేస్తారు. కాబట్టి వైరస్ అవునా కాదా అన్నదానికంటే ముందు, ఈ రకం ఫైలు మన ఆఫీసుకి మెయిల్‌లో రావాల్సిన పని ఉందా అని చూడాలి. ఈఎక్స్ఈ, ఎస్సీఆర్, జేఎస్, వీబీఎస్, ఎల్ఎన్‌కే, ఐఎస్ఓ, వీటిలో ఏదైనా మిర్చి వ్యాపారానికి అవసరమా? నేరుగా రిజెక్ట్ చేసేయండి. 2022లో మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఆఫీస్ ఫైళ్లలో మాక్రోలని ఆపేయడం మొదలుపెట్టాక దొంగలు ఐఎస్ఓ, ఎల్ఎన్‌కే, వన్‌నోట్ ఫైళ్ల మీద పడ్డారు, కాబట్టి మాక్రోలతో ఆగిపోతే లాభం లేదు.

ఇక పాస్‌వర్డ్ జిప్‌లు. ఎమోటెట్ అనే వైరస్ వాళ్లు జిప్‌కి పాస్‌వర్డ్ పెట్టి, ఆ పాస్‌వర్డ్‌ని అదే మెయిల్‌లో రాసి పంపేవాళ్లు. లోపల ఏముందో స్కానర్‌కి కనపడదు, మనిషికి మాత్రం తెరుచుకుంటుంది. క్లామ్‌ఏవీలో పాస్‌వర్డ్ ఉన్నవాటిని పట్టుకునే సెట్టింగ్ ఉంది కానీ, "అలర్ట్ ఎన్‌క్రిప్టెడ్" అని మొత్తం ఆన్ చేస్తే పీడీఎఫ్‌లు కూడా దొరికిపోతాయి. మన దగ్గర బ్యాంక్ స్టేట్‌మెంట్లన్నీ పాస్‌వర్డ్ ఉన్న పీడీఎఫ్‌లే కదా, నెల మొదట్లో అకౌంట్స్ వాళ్లు మీ టేబుల్ చుట్టూ నిలబడతారు. ఆర్కైవ్‌లకి, డాక్యుమెంట్లకి విడివిడి సెట్టింగులు ఉన్నాయి, ఆర్కైవ్‌లది మాత్రమే ఆన్ చేయండి. ఇలా దొరికినవాటిని రిజెక్ట్ చేయకుండా పక్కన పెట్టించాలంటే ఆర్‌స్పామ్‌డీ (ఇంకో మెయిల్ ఫిల్టర్) మేలు, వైరస్‌కి ఒక చర్య, పాస్‌వర్డ్ జిప్‌కి ఇంకో చర్య చెప్పుకోవచ్చు. క్లామ్‌ఏవీ సొంత మిల్టర్‌లో దొరికిన అన్నిటికీ ఒకటే చర్య.

రాత్రి_డ్యూటీ

ర్యామ్ సంగతి నేను చెప్తాను. క్లామ్‌డీ సిగ్నేచర్లు మెమరీలో పెట్టుకోవడానికే 1 జీబీ పైన తింటుంది. 0.103 వెర్షన్ నుంచి, కొత్త సిగ్నేచర్లు వచ్చినప్పుడు పాతవి అలాగే ఉంచి పక్కన కొత్తవి లోడ్ చేస్తుంది, ఆ కాసేపు వాడకం రెట్టింపు. 2 జీబీ మెషీన్ అక్కడే కూలుతుంది, మెమరీ చాలక ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్ వచ్చి క్లామ్‌డీని చంపేస్తుంది. లాగ్‌లో ఫ్రెష్‌క్లామ్ (కొత్త సిగ్నేచర్లు తెచ్చేది) అప్‌డేట్ అయిన టైమూ, క్లామ్‌డీ ఆగిన టైమూ పక్కపక్కనే ఉన్నాయేమో చూడండి. "కాంకరెంట్ డేటాబేస్ రీలోడ్" సెట్టింగ్‌కి "నో" పెడితే ఈ రెట్టింపు ఉండదు, రీలోడ్ అయ్యేంతసేపు స్కానింగ్ ఆగుతుంది, అంతే. కుదిరితే మాత్రం 4 జీబీకి వెళ్లండి, ఇది డబ్బు మిగుల్చుకునే చోటు కాదు.

దీనికంటే ముఖ్యం, క్లామ్‌డీ పడిపోయినప్పుడు మెయిల్ ఏమవుతోంది? పోస్ట్‌ఫిక్స్‌లో మిల్టర్ అందకపోతే టెంప్‌ఫెయిల్ ("ఇప్పుడు కాదు, మళ్లీ రండి") ఇవ్వడం మామూలు పద్ధతి, పంపేవాళ్లు కాసేపాగి మళ్లీ పంపుతారు, ఏమీ పోదు. "మెయిల్ ఆలస్యమవుతోంది" అని ఎవరో గోల చేస్తే దాన్ని యాక్సెప్ట్‌కి మార్చేసిన సర్వర్లు చాలా ఉంటాయి, అప్పుడు స్కానర్ చచ్చిపోయినా ఎవరికీ తెలియదు, వైరస్‌లన్నీ హాయిగా లోపలికొస్తాయి. ఆర్‌స్పామ్‌డీకి మారితే ఇది ఇంకా జాగ్రత్తగా చూడాలి, స్కాన్ ఫెయిలైతే అది ఒక గుర్తు వేసి మెయిల్‌ని వదిలేస్తుంది, ఆ గుర్తు కనపడితే సాఫ్ట్ రిజెక్ట్ (ఇదీ తాత్కాలికంగా వద్దనడమే) చేయమని మీరే చెప్పాలి.

అంతా పెట్టాక ఐకార్ ఫైలుతో పరీక్షించండి. 68 బైట్ల మామూలు టెక్స్ట్, హాని లేదు, ప్రతి యాంటీవైరస్సూ పట్టుకోవాలి. బయట ఇంకో మెషీన్ నుంచి స్వాక్స్ అనే మెయిల్ పరీక్ష టూల్‌తో పంపండి, ఒకసారి నేరుగా, ఒకసారి జిప్‌లో, ఒకసారి క్లామ్‌డీని ఆపేసి. ఆ మూడోది చాలామంది చేయరు. 587 పోర్టు (మీ యూజర్లు మెయిల్ పంపే దారి) మీద మీ సొంత యూజర్ అకౌంట్ నుంచి కూడా పంపి చూడండి, రేపు మీ ఆఫీసులో ఒక పీసీకి వైరస్ పట్టి బయటకి పంపడం మొదలుపెడితే బ్లాక్‌లిస్టుకి ఎక్కేది మళ్లీ మీ ఐపీయే.

కృష్ణాతీరం

అన్నలందరికీ థ్యాంక్స్. నోటీసు ఇప్పుడే ఆపేశాను. రీలోడ్ సంగతి కరెక్ట్, ఫ్రెష్‌క్లామ్ అప్‌డేట్ అయిన నిమిషంలోపే క్లామ్‌డీ ఆగిపోయినట్టు లాగ్‌లో ఉంది. ఒక్క డౌట్, పక్కన పెట్టిన పాస్‌వర్డ్ జిప్‌లు ఎక్కడ ఉంటాయి, ఎలా వదలాలి?

లాగ్‌రీడర్

పోస్ట్‌ఫిక్స్ హోల్డ్ క్యూలో ఉంటాయి. పోస్ట్‌క్యూ లిస్టులో ఐడీ పక్కన ఆశ్చర్యార్థకం గుర్తు ఉన్నవన్నీ అవే. పోస్ట్‌క్యాట్‌తో తెరిచి చూడండి, పార్టీకి ఫోన్ చేసి అడగండి (మెయిల్‌లో రాసిన నంబరుకి కాదు, మీ దగ్గర ముందే ఉన్న నంబరుకి), నిజమైతే పోస్ట్‌సూపర్‌తో, పెద్ద హెచ్ ఆప్షన్ పెట్టి వదిలేయండి. హోల్డ్‌లో ఉన్నది దానంతటది ఎప్పటికీ కదలదు, పంపినవాళ్లకి ఓకే వెళ్లిపోయింది కాబట్టి చేరిందనే అనుకుంటారు. అందుకే ఆ లిస్టు పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి మీకు మెయిల్ వచ్చేలా క్రాన్‌లో (టైముకి పనులు నడిపేది) పెట్టేసుకోండి, మీరు సెలవులో ఉంటే ఎవరు చూస్తారో కూడా ముందే ఓనర్‌గారితో మాట్లాడుకోండి.