రోడ్డు దిగ్బంధాలు: ఇరుక్కున్నవాళ్లు, కూర్చున్నవాళ్లు మీ అనుభవాలు చెప్పండి

పడమటిగాలి:
నిన్న రాస్తారోకోలో రెండున్నర గంటలు ఇరుక్కుపోయాను. ఇంటర్వ్యూ పోయింది. వాళ్ల డిమాండ్ న్యాయమైనదే. కానీ ఇలా చేస్తే జనం దగ్గరవుతారా, దూరమవుతారా? రోడ్లు, రైళ్లు ఆపితే ఎప్పుడైనా పని జరిగిందా?

ఒక్కడేకొడుకు:
ఇంటర్వ్యూ ఇంకోటి వస్తుంది బ్రదర్. మా అమ్మకి వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆ రోజు వెనక సీట్లో ఫైలు ఒళ్లో పెట్టుకుని ఐదు నిమిషాలకోసారి "కదిలిందా నాన్నా?" అని అడుగుతూనే ఉంది. స్లాట్ పోయింది. మర్నాడు మిషన్ దొరికేసరికి కాళ్లు వాచిపోయి చెప్పులు పట్టలేదు. అంబులెన్సులకు దారి ఇస్తున్నామని మైకులో ఒకటే అరుపు. మేం వెళ్లింది కారులో.

జెండాకర్ర:
పదిహేనేళ్లుగా ధర్నాలు నడుపుతున్నాను. వాలంటీర్లను పెట్టి అంబులెన్సుకు దారి వదలకుండా మేం ఒక్కసారి కూడా కూర్చోలేదు. తెలియకుండా నిందలు వేయకండి.

రాత్రిడ్యూటీ:
నేను అంబులెన్సులోనే పని చేస్తాను. మీ దారి మొదటి వరసలో ఉంటుంది, మేం రెండు కిలోమీటర్ల వెనక లారీల మధ్య ఉంటాం. సైరన్ మోగుతూనే ఉంటుంది, ముందు లారీ డ్రైవర్ చేతులు తిప్పి చూపిస్తాడు, పక్కకి జరగడానికి చోటేదీ అని. అక్కడ మీ వాలంటీరు ఉన్నాడా?

జెండాకర్ర:
వీఐపీ కాన్వాయ్ కోసం ఆపినప్పుడు ఈ గొంతులు ఎక్కడికి పోతాయి?

రాత్రిడ్యూటీ:
అప్పుడూ తిడతాం. అడిగినదానికి జవాబు చెప్పండి.

కోర్టుమెట్లు:
అందరూ బంద్, సమ్మె ఒకటే అనుకుంటున్నారు. సమ్మె అంటే నా పని నేను మానేయడం. బంద్ అంటే నీ పని కూడా ఆపించడం. 1997లో కేరళ హైకోర్టు బంద్ రాజ్యాంగ విరుద్ధమంది, సుప్రీంకోర్టు సమర్థించింది. ఢిల్లీ షాహీన్‌బాగ్‌లో నెలల తరబడి రోడ్డు మీద సాగిన ధర్నా కేసులోనూ 2020లో, పబ్లిక్ రోడ్లను నిరవధికంగా ఆక్రమించి కూర్చోకూడదని చెప్పింది. నిరసన హక్కు లేదని మాత్రం అనలేదు.

మెట్రోపాస్:
2019 అక్టోబరులో లండన్ క్యానింగ్ టౌన్ స్టేషన్‌లో వాతావరణ ఉద్యమకారులు పొద్దున రద్దీ వేళ రైలు పైకి ఎక్కారు. ప్రయాణికులు కిందికి లాగేశారు. కరెంటుతో నడిచే రైలు, కారు మానినవాళ్లు ఎక్కేది! వద్దని వాళ్ల సంస్థలోనే చాలామంది ముందే మొత్తుకున్నారు. మనవైపు ఉన్నవాణ్ణే దూరం చేసుకోవడం ఇది.

ఉప్పుగాలి:
గాంధీగారు 1930లో 24 రోజులు దండికి నడిచారు. ఎవరి దారీ ఆపలేదు.

జెండాకర్ర:
సగం చరిత్ర చెప్పకండి. విదేశీ బట్టల షాపుల ముందు పికెటింగ్ చేయలేదా? ఆ వ్యాపారులకు నష్టం రాలేదా?

ఉప్పుగాలి:
వాళ్లు ఆ సరుకు అమ్మేవాళ్లు కాబట్టి నష్టపోయారు. ఒక్కడేకొడుకు వాళ్లమ్మ ఏం అమ్మింది?

జెండాకర్ర:
అధికారుల గదుల్లో కూర్చుని వినతిపత్రాలు ఇస్తే ఎవరు విన్నారు? మూడేళ్లు ఇచ్చాం. రోడ్డెక్కిన రెండో రోజు పిలిచారు. అది నా కళ్లముందు జరిగింది.

కోర్టుమెట్లు:
అమెరికాలోని మాంట్‌గోమరీలో, బస్సుల్లో వర్ణవివక్షకు నిరసనగా నల్లజాతివాళ్లు 381 రోజులు బస్సు ఎక్కలేదు. కష్టమంతా ముందు తామే పడ్డారు. బస్సులు ఖాళీగా తిరిగాయి, దెబ్బ నేరుగా కంపెనీకి తగిలింది. మీ రెండో రోజు విజయాన్ని కాదనను. కానీ దెబ్బ ఎవరికి తగలాలో చూసుకోవాలి.

జెండాకర్ర:
లారీల సంగతి మాత్రం నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. ఈసారి జామ్ చివర కూడా మనుషుల్ని పెడతాం. రోడ్డెక్కడం మాత్రం మానం.

పడమటిగాలి:
నా ప్రశ్న అలాగే ఉండిపోయింది.

ఒక్కడేకొడుకు:
రాత్రిడ్యూటీ గారూ, మళ్లీ సెషన్ తప్పితే ఏం చేయాలి?

రాత్రిడ్యూటీ:
వెంటనే సెంటర్‌కి ఫోన్ చేసి తర్వాతి స్లాట్ అడగండి. అప్పటిదాకా నీళ్లు డాక్టర్ చెప్పిన లెక్క దాటనివ్వకండి. ఆయాసం వచ్చినా, గుండె దడగా ఉందన్నా స్లాట్ కోసం ఆగకండి, ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.