నెలలు నిండకుండా పుట్టిన పాప కాళ్లు బిగుసుకుపోతున్నాయి, ఏం చేయాలి?

మా పాప 31 వారాలకే పుట్టింది, బరువు 1.4 కిలోలు. ఇప్పుడు తొమ్మిది నెలలు నిండాయి. ముందుగా పుట్టిన తొమ్మిది వారాలు తీసేసి, ఏడు నెలల పిల్లగానే చూడమన్నారు డాక్టర్ గారు. సరే, ఆ లెక్కనే చూస్తున్నాం. మెడ నిలిపింది, బోర్లా పడుతోంది. కూర్చోబెడితే మాత్రం వెనక్కి విరుచుకుంటోంది. డైపర్ మార్చేటప్పుడు కాళ్లు బిగుసుకుపోయి విడదీయడమే కష్టంగా ఉంటోంది. నిలబెడితే మునివేళ్ల మీదే ఆనుతోంది. నా టెన్షన్ అంతా దీని గురించే. నూనె పెట్టి మర్దన చేస్తే అదే సర్దుకుంటుందని మా అత్తగారు (మా ఆయనకీ అలాగే చేశారట!). వచ్చే వారం జిల్లా ఆసుపత్రిలోని డీఈఐసీకి (పిల్లల ఎదుగుదల సమస్యల్ని ముందుగానే గుర్తించి చూసే కేంద్రం) తీసుకెళ్తున్నాం.

ఇలాంటి పిల్లలకి ఫిజియోథెరపీ చేయించినవాళ్లు ఎవరైనా ఉన్నారా? వారానికి ఎన్నిసార్లు వెళ్లారు? ఇంట్లో ఏమేం చేయించారు? చుట్టాలు వాకర్ కొనిచ్చారు, అందులో కూర్చోబెట్టొచ్చా?