అమ్మానాన్నల గ్రీన్‌కార్డ్ కేసు డీక్యూ (పేపర్లన్నీ సరిపోయినట్టు) అయింది, ముంబై ఇంటర్వ్యూ డేట్ మాత్రం రావట్లేదు, ఈలోపు ఏమైనా చేయొచ్చా?

తెనాలి_టు_డాలస్:
అందరికీ నమస్తే. సిటిజన్‌షిప్ రాగానే అమ్మకీ నాన్నకీ విడివిడిగా ఐ-130 (బంధువుల గ్రీన్‌కార్డ్ పిటిషన్) పెట్టాను. రెండూ అప్రూవ్ అయ్యి ఎన్‌వీసీకి (నేషనల్ వీసా సెంటర్‌కి) వెళ్ళాయి, ఫీజులు, డీఎస్-260 (ఇమిగ్రెంట్ వీసా అప్లికేషన్), ఐ-864 (నా ఆర్థిక హామీ పత్రం) అన్నీ అయిపోయాయి. నాన్నది ముందు డీక్యూ అయింది, అమ్మది బర్త్ సర్టిఫికెట్ దగ్గర ఒకసారి వెనక్కి వచ్చి ఆలస్యంగా అయింది. ఇక అప్పటినుంచి ఉలుకూ పలుకూ లేదు. సీఈఏసీ (కేసు స్టేటస్ చూసే సైట్) ఎప్పుడు తెరిచినా అదే లైను. ఊళ్ళో ఎవరు కనపడినా "ఎప్పుడు ప్రయాణం" అని అడుగుతున్నారట. నాన్నేమో పొలం ఈ ఏడు కౌలుకి ఇవ్వాలా, తనే వేసుకోవాలా తేల్చుకోలేకపోతున్నారు.

ఇప్పుడు కొత్త టెన్షన్ ఏంటంటే, విజయవాడలో ఒక ఏజెంట్ "లక్ష ఇవ్వండి, డేట్ ముందుకు జరిపిస్తా, కావాలంటే హైదరాబాద్‌కే మార్పిస్తా" అన్నాడట. నాన్న సగం నమ్మేశారు. అలా కుదురుతుందా? అసలు ఈ డేట్లు ఎవరిస్తారు, ఏ లెక్కన ఇస్తారు? అమ్మకి పాత విజిటర్ వీసా ఇంకా ఉంది, ఈలోపు ఒకసారి తీసుకొస్తే కేసుకి ఏమైనా అవుతుందా?

పాత_చింతపండు:
ఏజెంట్‌కి ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దని నాన్నగారికి ఇవాళే ఫోన్ చేసి చెప్పండి. విజిటర్ వీసాకి మనమే లాగిన్ అయి స్లాట్ పట్టుకుంటాం, ఎవరైనా క్యాన్సిల్ చేసుకుంటే ముందుకు జరుపుకుంటాం, ఆ అలవాటుతో ఇదీ అంతే అనుకుంటారు జనం. ఏజెంట్లు బతికేది ఆ అపోహ మీదే. ఇమిగ్రెంట్ వీసాలో స్లాట్ మన చేతిలో ఉండదు. ఏ కేటగిరీలో ఎంతమందిని పిలవగలరో కాన్సులేట్ ఎన్‌వీసీకి చెబుతుంది, న్యూ హాంప్‌షైర్‌లో ఉండే ఎన్‌వీసీ వాళ్ళు డీక్యూ అయిన తేదీల వరసలో ఆ ఖాళీలు నింపి మెయిల్ పంపుతారు. ఆ వరసలో వేలు పెట్టే దారి విజయవాడ ఆయనకి ఎక్కడుంది? డేట్ దానంతటదే వస్తే "నేనే తెప్పించా" అంటాడు, రాకపోతే "పైన ఆగింది" అంటాడు.

హైదరాబాద్‌కి మార్చడం కూడా ఉత్తమాటే. నానక్‌రామ్‌గూడలో ఎంత పెద్ద కాన్సులేట్ కట్టినా అక్కడ జరిగేవి విజిటర్, స్టూడెంట్, హెచ్1 లాంటివే. మనవాళ్ళు గ్రీన్‌కార్డ్ ఇంటర్వ్యూకి వెళ్ళాల్సింది ముంబైకి, బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌కి.

ఇక ఆలస్యం సంగతి. మీది ఐఆర్5, సిటిజన్ల తల్లిదండ్రుల కేటగిరీ, ఏటా ఇన్నే వీసాలు అన్న పరిమితి లేదు కాబట్టి వీసా బులెటిన్‌తో (ఏ తేదీన పిటిషన్ వేసినవాళ్ళ వంతు వచ్చిందో నెలనెలా చెప్పే పట్టికతో) మీకు పని లేదు. ఆగేదల్లా ఇంటర్వ్యూ ఖాళీ దగ్గరే. 2020 మార్చిలో కోవిడ్ వల్ల ప్రపంచమంతా మామూలు వీసా పనులు ఆపేశారు. ఏప్రిల్‌లో కొత్త ఇమిగ్రెంట్ వీసాలు ఆపుతూ ట్రంప్ ప్రకటన వచ్చింది, అందులో సిటిజన్ల భార్యాభర్తలకీ 21 ఏళ్ళలోపు పిల్లలకీ మినహాయింపు ఇచ్చారు గానీ తల్లిదండ్రులకి ఇవ్వలేదు, 2021 ఫిబ్రవరిలో బైడెన్ రద్దు చేసేదాకా అది నడిచింది. 2019లో పేపర్లన్నీ సరిపోయి ఇంటర్వ్యూ కోసం ఆగినవాళ్ళు ప్రపంచం మొత్తం మీద నెలకి సగటున 61 వేల లోపే, 2021 మధ్యకి వచ్చేసరికి 5 లక్షలు దాటారు. ఆ తర్వాత తగ్గుతూ వచ్చింది, కానీ ఒక్కో చోట ఒక్కో వేగం.

స్టేట్ డిపార్ట్‌మెంట్ సైట్‌లో ఐవీ షెడ్యూలింగ్ స్టేటస్ టూల్ అని ఉంది. ముంబై ఎంచుకుంటే మీ కేటగిరీలో ఏ నెలలో డీక్యూ అయినవాళ్ళకి ఇప్పుడు డేట్లు ఇస్తున్నారో చూపిస్తుంది. రోజూ సీఈఏసీ తెరిచి బీపీ పెంచుకునే బదులు నెలకోసారి అది చూడండి. అక్కడి నెల నాన్నగారి డీక్యూ నెలకి దగ్గరపడకపోతే ఈ పంటకి ఆయన్నే వేసుకోమనండి, కౌలుకిచ్చి ఇంట్లో కూర్చుంటే ఆయనకి ఇంకా పిచ్చెక్కుతుంది.

కరీంనగర్_అక్క:
చింతపండు గారు చెప్పింది నిజమే, కానీ "వెయిట్ చేయండి" అని ఊరుకుంటే సరిపోదు తమ్ముడూ. అసలు దెబ్బ తినేది డేట్ వచ్చాక. ఈ ఎదురుచూపులో పేపర్లు పాతబడిపోతాయి, డేట్ వచ్చినప్పుడు చేతిలో నెల కూడా ఉండకపోవచ్చు.

ముఖ్యంగా పోలీస్ క్లియరెన్స్ (పీసీసీ), దాని చెల్లుబాటు రెండేళ్ళు. ఎన్‌వీసీకి అప్‌లోడ్ చేసిందే కదా అని వదిలేయకుండా దాని మీద తేదీ చూడండి, ఇంటర్వ్యూ నాటికి రెండేళ్ళు దాటేలా ఉంటే పాస్‌పోర్ట్ సేవలో మళ్ళీ తీసుకోవాలి. మా వైపు అయితే గల్ఫ్ పేచీ ఒకటి. మా మామయ్య ఎప్పుడో దుబాయ్‌లో చేసి వచ్చారు, ఆ సంగతి ఇంట్లో అందరూ మర్చిపోయారు. 16 ఏళ్ళు నిండాక వేరే దేశంలో ఏడాది ఉన్నా అక్కడి పోలీస్ సర్టిఫికెట్ కావాలి, ఎన్నేళ్ళ కిందటిదైనా సరే. డీఎస్-260లో పాత అడ్రస్‌లు రాశారు కాబట్టి ఆఫీసర్ తప్పక చూస్తారు. మీ నాన్నగారు కువైటో మస్కటో వెళ్ళి ఉంటే ఇప్పుడే ఆ పని పెట్టుకోండి.

మెడికల్ మాత్రం డేట్ రాకముందు చేయించొద్దు. అది మామూలుగా ఆరు నెలలే పనిచేస్తుంది, వీసా గడువు కూడా దాంతోనే ముడిపడి ఉంటుంది. ఐ-864 వేసిన తర్వాత కొత్త ట్యాక్స్ ఫైలింగ్ అయితే అది, ఉద్యోగం మారితే కొత్త లెటర్, పే స్టబ్స్ పట్టుకెళ్ళాలి.

అమ్మగారి బర్త్ సర్టిఫికెట్ సంగతి రాశారు కాబట్టి చెప్తున్నా, ఆ తరంలో ఇంట్లో పుట్టినవాళ్ళకి పంచాయతీలో రికార్డే ఉండదు. నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్, పుట్టుక గురించి తెలిసిన పెద్దవాళ్ళ అఫిడవిట్లు, పదో తరగతి మెమో ఉంటే అది, అన్నిటికీ ఒరిజినల్స్ ఒకే ఫైల్‌లో పెట్టండి. వాటిలో అమ్మగారి ఇంటిపేరు ఒకచోట పుట్టింటిది, ఒకచోట అత్తింటిది, ఒకచోట ఉత్త ఇనీషియల్ ఉంటుంది. దానికి ఒక అఫిడవిట్ ముందే రాయించి పెట్టుకుంటే అక్కడ కిటికీ ముందు ఆమె తడబడదు.

నైట్‌షిఫ్ట్_నారాయణ:
ఇంత అవసరమా బ్రో? వీసా ఉంది కదా, అమ్మని ఫ్లైట్ ఎక్కించేయ్, వచ్చాక ఐ-485 (అమెరికాలో ఉండే గ్రీన్‌కార్డ్‌కి పెట్టే అప్లికేషన్) వేసెయ్. మా కొలీగ్ వాళ్ళు అలాగే చేశారు, ఏమీ కాలేదు.

పాత_చింతపండు:
నారాయణ గారూ, మీ కొలీగ్‌కి ఏమీ కాలేదు, సంతోషం. ఇక్కడే ఉండిపోవాలన్న ఉద్దేశంతో విజిటర్ వీసా మీద దిగితే అది వీసాని తప్పుగా వాడడమే. ఎయిర్‌పోర్ట్‌లో ఆఫీసర్ "ఎన్నాళ్ళుంటారు, మీ అబ్బాయి గ్రీన్‌కార్డ్‌కి అప్లై చేశాడా" అని అడిగితే 60 ఏళ్ళావిడ అబద్ధం చెప్పాలా? అక్కడ చెప్పిన అబద్ధం వీసా పోవడంతో ఆగదు, జీవితాంతం అడ్డుపడొచ్చు.

తెనాలి గారూ, ఐ-130 పెండింగ్‌లో ఉందని పాత విజిటర్ వీసా దానంతటదే రద్దు కాదు. నిజంగా మనవడి పుట్టినరోజు చూసి తిరిగి వెళ్ళేదైతే వెళ్ళొచ్చు, రిటర్న్ టికెట్ పెట్టుకుని, అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. అయినా వెనక్కి పంపే అధికారం ఆ ఆఫీసర్‌ది. వీసా లేనివాళ్ళు కొత్తగా అప్లై చేస్తే ఇంకా కష్టం, మీ కోసం ఎవరైనా ఇమిగ్రెంట్ పిటిషన్ వేశారా అని విజిటర్ వీసా అప్లికేషన్ డీఎస్-160లోనే అడుగుతారు.

ఎఫ్4_బాధితుడు:
మీ బాధ చదువుతుంటే నాకు కుళ్ళు పుడుతోంది సార్. మా తమ్ముడిది ఎఫ్4, సిటిజన్ల తోబుట్టువుల కేటగిరీ. మొత్తం ప్రపంచానికి ఏడాదికి 65 వేలు, మళ్ళీ ఏ దేశానికీ 7 శాతం మించకూడదని రూలు, 2025 వీసా బులెటిన్లలో ఇండియా తేదీ 2006 దాటనే లేదు. మాకు ముంబై దాకా ఎందుకు, ఆ తేదీ కదిలితే చాలు. మా తమ్ముడి పిల్లలు 21 దాటిపోతే వాళ్ళు కేసులోంచి పడిపోతారన్నదే మా దిగులు.

సరే, పనికొచ్చే మాట ఒకటి. ఎక్స్‌పెడైట్ (డేట్ త్వరగా ఇమ్మని) అడగొచ్చు అని ఎవరూ రాయలేదు. ప్రాణం మీదికి వచ్చిన ఆరోగ్య సమస్య లాంటిది ఉంటే డాక్టర్ లెటర్‌తో ఎన్‌వీసీకి రాయాలి, వాళ్ళు కాన్సులేట్‌కి పంపుతారు, నిర్ణయం కాన్సులేట్‌ది. "వయసైపోయింది, షుగరుంది, ఒంటరిగా ఉంటున్నారు" అంటే సాధారణంగా ఒప్పుకోరు, అందరి కేసూ అదే కదా. కాంగ్రెస్‌మన్ ఆఫీసుకి ప్రైవసీ రిలీజ్ ఫారం ఇస్తే వాళ్ళు కనుక్కుని చెప్తారు, వరస మాత్రం మార్చలేరు. కేసు ఎక్కడో ఇరుక్కుపోయి ఉంటే దానివల్ల బయటపడుతుంది, మామూలు క్యూలో ఉంటే ఉపయోగం లేదు.

తెనాలి_టు_డాలస్:
అందరికీ థాంక్స్. ఆ టూల్ చూశాను, నాన్న నెల దగ్గర్లోనే ఉంది, అమ్మది ఇంకా దూరం. ఏజెంట్‌కి వద్దని చెప్పించేశా. అక్కా, నాన్న గల్ఫ్ వెళ్ళలేదు గానీ పీసీసీ తేదీ చూస్తే గుండె జారింది, వెంటనే మళ్ళీ అప్లై చేయిస్తున్నా. ఇంకొక్కటి, నాన్నకి వీసా ముందొచ్చేస్తే ఆయన వెంటనే రావాలా? అమ్మని వదిలి ఒక్కరే రానంటున్నారు.

కరీంనగర్_అక్క:
వెంటనే అక్కర్లేదు. మెడికల్ చేయించుకున్న రోజు నుంచి ఆరు నెలలు లెక్కపెట్టుకోండి, వీసా మీద గడువు తేదీ ఉంటుంది, ఆలోపు అమెరికాలో అడుగుపెడితే చాలు. అందుకే నాన్నగారి మెడికల్ ఇంటర్వ్యూకి మరీ ముందు చేయించొద్దు, అక్కడ మిగిలిన ప్రతి వారం అమ్మగారి కోసం ఆగడానికి పనికొస్తుంది. ఆలోపు ఆమెకి డేట్ రాకపోతే మాత్రం ఆయన ఒక్కరే ఎక్కాలి, వీసా వదులుకోకూడదు. వచ్చి కొన్ని వారాలు ఉండి, కార్డ్ చేతికొచ్చాక వెళ్ళి ఆమెని తీసుకురావచ్చు. ప్రయాణానికి ముందే ఆన్‌లైన్‌లో యూఎస్‌సీఐఎస్ ఇమిగ్రెంట్ ఫీ కట్టేయండి, అది కట్టకపోతే కార్డ్ రాదు.