ట్రైనింగ్ సర్టిఫికెట్ ఉన్న టీచర్ దగ్గర పిల్లలు నిజంగా ఎక్కువ నేర్చుకుంటారా?

ఎంఎడ్_రెండో_ఏడు:
అందరికీ నమస్కారం. ప్రాథమిక పాఠశాలల్లో టీచర్ సర్టిఫికెట్‌కీ పిల్లల చదువుకీ ఉన్న సంబంధం మీద డిసర్టేషన్ చేస్తున్నాను. సర్టిఫికెట్ ఉన్న టీచర్ల తరగతులు, లేనివాళ్ల తరగతులు తీసుకుని ఏడాది చివరి పరీక్షలో సగటు మార్కులు పోల్చి చూద్దామని ఆలోచన. ముందు పాత పరిశోధనలు చదవమన్నారు మా గైడ్ గారు. చదువుతుంటే అయోమయంగా ఉంది. అమెరికాలోని హ్యూస్టన్ నగరం బడుల మీద డార్లింగ్-హామండ్ బృందం 2005లో రాసిన పేపర్ తేడా ఉందని గట్టిగా చెబుతోంది. న్యూయార్క్ మీద కేన్, రాకాఫ్, స్టైగర్ 2008లో రాసిన పేపర్ చూస్తే సగటున తేడా చాలా తక్కువ అంటోంది. రెంటిలో దేన్ని నమ్మాలి?

గణాంకాలు_చూసేవాడు:
ఏడాది చివరి సగటుతో పని జరగదండీ. సర్టిఫికెట్ ఉన్నవాళ్లు, అనుభవం ఉన్నవాళ్లు ఎక్కువగా ముందే బాగా చదివే పిల్లలున్న బడులకే చేరుతుంటారు. అమెరికాలోనే నార్త్ కరొలైనా రాష్ట్రంలో క్లాట్‌ఫెల్టర్, లాడ్, విగ్డార్ అనే పరిశోధకులు ఇదే చూపించారు. అలాంటప్పుడు మార్కులు ఎక్కువ వస్తే ఆ ఘనత టీచర్‌దా, పిల్లలు వెంట తెచ్చుకున్నదా? పోల్చాల్సింది ఆ పిల్లవాడి పోయినేటి మార్కుతో ఈ ఏటి మార్కుని.

శారద_టీచర్:
పై జవాబుతో ఏకీభవిస్తాను. ఇక మీరు అడిగిన అసలు ప్రశ్నకి వస్తాను. చాలా ఏళ్లు మూడో తరగతికి చెప్పాను, ఇప్పుడు కొత్తగా వచ్చే టీచర్లకి ట్రైనింగ్ ఇస్తున్నాను. ఆ రెండు పేపర్లలో ఒకదాన్ని పక్కన పడేయాల్సిన అవసరం లేదమ్మా.

న్యూయార్క్ పేపర్‌లో అందరూ సగటు దగ్గరే ఆగిపోతారు. నాకు ముఖ్యం అనిపించింది ఆ తర్వాతి మాట. ఒకే రకం సర్టిఫికెట్ ఉన్న టీచర్ల మధ్యే బోలెడు తేడా ఉందని, సర్టిఫికెట్ ఉందా లేదా అన్నదాని కంటే మొదటి రెండేళ్లలో తరగతి గదిలో వాళ్లు చూపిన ఫలితమే ముందు ముందు ఎలా చెబుతారో బాగా పట్టిస్తుందని వాళ్లు తేల్చారు. అంటే 'ఉంది', 'లేదు' అని రెండు గడులు గీస్తే, ఒక్కో గడిలో ఒకరికొకరికి పొంతన లేని మనుషులు పడతారు. ఆ గడుల సగటులు దగ్గర దగ్గరగా వచ్చాయంటే ట్రైనింగ్ దండగని అర్థం కాదు. ఆ గీత మరీ మొద్దుగా ఉందని అర్థం.

ఒక లెక్క చూడండి. 52లోంచి 27 తీసెయ్యమంటే ఒక పిల్ల 35 అని రాసింది. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసింది: 7లోంచి 2 పోతే 5, 5లోంచి 2 పోతే 3. ఒక టీచర్ ఇంటూ కొట్టి, 25 అని సరిచేసి, 'పక్కనుంచి అప్పు తెచ్చుకోవాలి' అని ఇంకో పది లెక్కలు ఇస్తారు. ఇంకొకరు ఆ 35 చూడగానే ఆ పిల్ల ఏం చేసిందో పసిగడతారు. పది పుల్లలు కట్టిన కట్టలు అయిదు, విడి పుల్లలు రెండు ఇచ్చి, 'ఇరవై ఏడు తియ్యి' అంటారు. పిల్ల రెండు కట్టలు పక్కన పెడుతుంది, విడి పుల్లలు ఏడు కావాలి, చేతిలో ఉన్నవి రెండే. కాసేపు చూసి తనే ఒక కట్ట విప్పుతుంది. ఇద్దరు టీచర్ల దగ్గరా ఉన్నది ఒకటే సర్టిఫికెట్. ఇద్దరికీ తీసివేత వచ్చు. పిల్ల ఎలా ఆలోచించి ఆ తప్పు చేసిందో తెలిసింది మాత్రం ఒకరికే.

ఇది నా ఒక్కదాని అభిప్రాయం కాదు. హిల్, రోవన్, బాల్ అనే పరిశోధకులు 2005లో సరిగ్గా ఈ రకం తెలివిడినే కొలిచారు. లెక్కల్లో డిగ్రీ ఉందా అని కాదు, పిల్లలకి చెప్పడానికి కావలసిన లెక్కల జ్ఞానం ఎంత ఉందని. అది ఎక్కువున్న టీచర్ల దగ్గర ఒకటో తరగతి, మూడో తరగతి పిల్లలు లెక్కల్లో ఎక్కువ ముందుకెళ్లారు. కాబట్టి ట్రైనింగ్‌లో ఏం నేర్పారన్నది అడగండి. ఆ కాగితం వెనక పిల్లల నోట్‌బుక్కులు ముందేసుకుని కూర్చున్న గంటలెన్ని? అనుభవమున్న టీచర్ పక్కన ఉండి చెప్పిన పాఠాలెన్ని?

మొదటి_తరం_చదువు:
శారద గారూ, మీరు చెప్పింది బాగుంది కానీ ఒక భయం. 'సర్టిఫికెట్‌తో తేడా లేదు' అన్న ముక్క చేతికి దొరికితే, ట్రైనింగ్ లేనివాళ్లని తక్కువ జీతానికి పెట్టుకుని బడి నడిపేద్దాం అనేవాళ్లుంటారు. వాళ్లని పంపేది పేద పిల్లల బడులకే. హ్యూస్టన్‌లో నాలుగు, అయిదు తరగతుల పిల్లల్ని చూసినప్పుడు, సర్టిఫికెట్ లేని టీచర్ల దగ్గర పిల్లలు వెనకబడ్డారనే కదా తేలింది.

శారద_టీచర్:
మీ భయం న్యాయమైనదే. నేను ట్రైనింగ్ వద్దనే మనిషిని కాదు, నా పనే అది. నార్త్ కరొలైనాలో మూడు నుంచి అయిదు తరగతుల పిల్లల పరీక్ష ఫలితాలు పదేళ్లవి తీసి చూస్తే, మామూలు పద్ధతిలో వచ్చిన లైసెన్సు, అనుభవం, టీచర్ సొంత పరీక్ష మార్కులు అన్నీ పిల్లలకి మేలే చేశాయి. చదవడంలో కన్నా లెక్కల్లో ఆ మేలు ఎక్కువ కనిపించింది. కాబట్టి ఆ కాగితం ఉండాల్సిందే. దాంతోనే పని అయిపోయిందని సంతకం పెట్టేసి, ఆ టీచర్‌ని మొదటి ఏడాది ఒంటరిగా గదిలో వదిలేయడమే నాకు బాధ. టీచర్ పనితనం వేగంగా పెరిగేది ఆ తొలి ఏళ్లలోనే. అప్పుడు పక్కన ఎవరూ ఉండరు.

ఎంఎడ్_రెండో_ఏడు:
చాలా థాంక్స్ మేడమ్, సర్. మరి నాకు దొరికేవి కొద్ది బడులే. ఏం చేస్తే బాగుంటుంది?

శారద_టీచర్:
బడులు తక్కువైతే ఒక్క తరగతి, ఒక్క సబ్జెక్టు పట్టుకోండి. మూడో తరగతి లెక్కలు అనుకుందాం. జూన్‌లోనే మీరే ఒక పరీక్ష పెట్టండి, అదే స్థాయిది ఏడాది చివర ఇంకోటి. టీచర్లకి సర్టిఫికెట్ గురించి ఒక ప్రశ్న చాలు. మిగతా ప్రశ్నల బదులు, పిల్లలు తప్పు చేసిన లెక్కలు ఓ ఆరేడు ఇచ్చి, 'ఈ పిల్ల ఏం ఆలోచించి ఉంటుంది, మీరైతే తర్వాత ఏం చేస్తారు' అని రాయించండి. ఆ జవాబులకీ పిల్లల ఎదుగుదలకీ ఏమైనా పొత్తు కుదురుతుందేమో చూడండి. తప్పు లెక్కలు నా దగ్గర చాలా పోగయి ఉన్నాయి, పేర్లు తీసేసి పంపిస్తాను. జూన్ పరీక్షకి అనుమతి మాత్రం ముందే అడిగి పెట్టుకోండి.